మంటల లెక్క ఉంది, కారణాల లెక్క ఏదీ?

పుదుచ్చేరి పట్టణానికి పడమట, విల్లుపురం వెళ్లే రహదారిపై ఉన్న రెడ్డియార్‌పాళయంలో అడవి లేదు. పేరులోనే రెడ్ల జాడను తమిళ గౌరవవాచకంతో కలిపి మోస్తున్న ఈ ప్రాంతం నేడు ఇళ్లతో, దుకాణాలతో నిండిన పట్టణ భాగం. అక్కడివారికి అడవి మంట అనేది వేసవిలో పత్రికలో కనిపించే వార్త మాత్రమే. అయినా ఆ వార్తతో ఈ పేటకు రెండు విధాల సంబంధం ఉన్నది. బడ్డీకొట్టులో అమ్ముడయ్యే బీడీ కట్ట మొదటిది. బీడీ చుట్టే తునికాకు పొలంలో పండే పంట కాదు. తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, మధ్యప్రదేశ్ అడవులలో గిరిజనులు, పేద కూలీలు మండుటెండలో కోసి, కట్టలు కట్టి, ఆరబెట్టి పంపే ఆకు అది. ఆ ఆకుకూ అడవి మంటకూ ఉన్న బంధుత్వాన్ని గురించి తర్వాత చెప్పుకోవలసి ఉన్నది.

రెండవ సంబంధం అంతగా ప్రచారంలో లేనిది. అదే పట్టణపు తూర్పు కొసన, సముద్రానికి చేరువలో 1955లో వెలసిన ఫ్రెంచి పరిశోధన సంస్థ భారత వ్యవసాయ పరిశోధన మండలితో కలిసి దేశపు వృక్షసంపద పటాలను తయారుచేసింది. 1960వ దశకంలో వెలువడిన ఆ పటాలలో ‘మద్రాసు’, ‘గోదావరి’ పేర్లతో రెండు పటాలు ఉన్నాయి. వాటి వెనుక ఒక చిన్న సూత్రం ఉన్నది. ఒక నెలలో కురిసిన వాన మిల్లీమీటర్లలో, ఆ నెల సగటు ఉష్ణోగ్రతకు రెట్టింపు కంటె తక్కువైతే దానిని పొడి నెలగా లెక్కిస్తారు. సగటున 30 డిగ్రీల వేడి ఉన్న నెలలో 60 మిల్లీమీటర్ల వాన పడలేదంటే అది పొడి నెలే. పొడి నెలలు వరుసగా ఎన్ని వచ్చాయన్నదానిని బట్టి ఆ నేలపై ఏ రకం అడవి నిలుస్తుందో చెప్పవచ్చును. నైరుతి వానలపై ఆధారపడిన నల్లమలలో డిసెంబరు నుంచి మే వరకు ఈ పొడి నెలలే. ఆకు రాలి, గడ్డి ఎండి, నేల మీద నిప్పు కోసం కాచుకున్నట్లుగా చెత్త పేరుకునే కాలం అది.

పొడి నెలల లెక్క మంటకు ఎప్పుడు వీలున్నదో చెబుతుంది. ఎవరు, ఎందుకు అంటించారో చెప్పదు. ఉపగ్రహాలు వచ్చి, కంప్యూటర్లు వచ్చి, అర్ధశతాబ్దం గడచిన తర్వాత కూడా దేశంలో అడవి మంటల పరిశీలన ప్రధానంగా ఈ గీత దగ్గరే ఆగి ఉండడం విచారకరం.

లెక్కలకు కొరత ఉన్నదని మాత్రం ఎవరూ అనలేరు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల ద్వారా మంటలను పసిగట్టి రాష్ట్రాలకు తెలియజేస్తున్నది. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ శాస్త్రజ్ఞులు 2014లో దేశంలో కాలిన అడవి, పొద, గడ్డి భూములు సుమారు 57 వేల చదరపు కిలోమీటర్లని లెక్క తేల్చారు. అటవీ సర్వేక్షణ సంస్థ వెలువరించిన 2023 అటవీ స్థితి నివేదిక ప్రకారం మంటల చుక్కలు 2021-22 కాలంలో 2,23,333, మరుసటి ఏడు 2,12,249, 2023-24లో 2,03,544. ఈ చివరి కాలంలో ఉత్తరాఖండ్ 21,033 చుక్కలతో మొదటి స్థానంలో నిలవగా, ఆంధ్రప్రదేశ్ 18,174తో నాలుగవ స్థానంలో ఉన్నది. తెలంగాణ లెక్క 13,479. హిమాలయాల మంటలు దేశమంతటా పెద్ద వార్తలయ్యాయి. రెండు తెలుగు రాష్ట్రాల చుక్కలను కలిపితే ఉత్తరాఖండ్ కంటె పదివేలు ఎక్కువ అవుతాయన్న సంగతి ఇక్కడి చర్చలోకి కూడా రాలేదు.

అయితే చుక్క అంటే ఏమిటి? ప్రస్తుతం వాడుతున్న విఐఐఆర్ఎస్ సెన్సర్ భూమిని 375 మీటర్ల చదరాలుగా చూస్తుంది. ఒక్కొక్క చదరం దాదాపు 35 ఎకరాలు. అందులో ఎక్కడో అసాధారణమైన వేడి కనిపిస్తే ఒక చుక్క పడుతుంది. ఒక పెద్ద మంట పది చదరాలలో వ్యాపించి, రెండు రోజులు కాలితే ఇరవైకి పైగా చుక్కలు పడవచ్చును. మరోవైపు, మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో ఉపగ్రహం దాటిపోయిన తర్వాత అంటుకుని, అర్ధరాత్రి మళ్లీ వచ్చేలోగా ఆరిపోయిన మంటకు లెక్కలో చోటే లేదు. దట్టమైన చెట్ల నీడలో నేలబారుగా పాకే చిన్న మంటా దాని కంట పడకపోవచ్చును. రెడ్డియార్‌పాళయం దాటి విల్లియనూరు వైపు పొలాలలో ఎవరైనా చెరకు చెత్త తగలబెట్టినా ఉపగ్రహానికి అదీ వేడే. అటవీ సరిహద్దుల పటాన్ని పైన పరచి అలాంటివాటిని ఏరివేస్తారు. కనుక 18,174 చుక్కలంటే 18,174 మంటలని చదవడం పొరపాటు. అంతకు ముందు వాడిన మోడిస్ సెన్సర్ చదరం ఒక కిలోమీటరుది. ఆనాటి వేలను ఈనాటి లక్షల పక్కన పెట్టి ‘మంటలు ఇన్ని రెట్లు పెరిగాయి’ అని రాయడం కళ్లజోడు మార్చుకున్నవాడు లోకమే మారిందని అనుకోవడం వంటిది.

లెక్క సరిగా చదివినా కారణం వెంటనే తేలదు. 2019-20 కాలంలో దేశంలో 1,24,473 చుక్కలు నమోదు కాగా, మరుసటి ఏడు అవి 3,45,989కి ఎగబాకాయి. మొదటి ఏడు అంత తక్కువ ఎందుకు? 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్ వల్ల జనం ఇళ్లలో ఉండిపోయారు గనుక మంటలు తగ్గాయని, మనుషులే మంటలకు కారణమనడానికి ఇంతకంటె రుజువు ఏమి కావాలని వాదించవచ్చును. కాని అదే మార్చిలో దేశంలో వానలు సాధారణం కంటె బాగా ఎక్కువగా పడ్డాయి. తగ్గుదలలో వాన వాటా ఎంత, లాక్‌డౌన్ వాటా ఎంత? జిల్లాలవారీగా వాన పడినచోట్లను, పడనిచోట్లను విడదీసి, మార్చి 25కు ముందు, తర్వాత వారాలను పోల్చితే గాని ఇది తేలదు. ఆ పని చేయకుండా తీర్పు చెప్పడం రాజకీయ వేదికలకు సరిపోతుందేమో, అటవీ పాలనకు సరిపోదు.

అడవి మంటలలో 95 శాతం మనుషుల వల్లనే అన్న మాట అధికారిక పత్రాలలో తరచు కనిపిస్తుంది. ఇందులో అసత్యం ఉన్నదని కాదు. పొడి నెలలలో ఉరుములూ మెరుపులూ తక్కువ గనుక ఈ దేశపు అడవులలో మంట దానంతట అది పుట్టడం అరుదు. కాని ‘మనుషులు’ అన్న మాటతో సరిపెట్టుకుంటే ఆ అంకె ఎవరికీ పనికిరాదు. పోడు కోసం నరికిన చెట్లను కాల్చినవారు మనుషులే. కొత్త గడ్డి మొలుస్తుందని గొర్రెల కాపరి అంటించినా, ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చినా మనుషుల పనే. బస్సు కిటికీలోంచి ఆర్పని బీడీ ముక్క విసిరిన ప్రయాణికుడూ, వంట చేసుకుని నిప్పులు వదిలివెళ్లిన యాత్రికుడూ, గార్డుల దృష్టి మళ్లించడానికి నిప్పు పెట్టిన దొంగా మనుషులే. వీరిలో ఒక్కొక్కరికి చేయవలసిన చికిత్స వేరు. అందరికీ కలిపి ఒకే మందు పోస్తున్నారు.

తునికాకు సంగతి చూడండి. లేత ఆకు విరివిగా రావాలంటే ఫిబ్రవరి, మార్చి నెలలలో తునికి పొదలను కొట్టివేయాలి. కొట్టిన మొదళ్ల నుంచి వచ్చిన చిగురే ఏప్రిల్, మే నెలలలో కోతకు వస్తుంది. పొదలు కొట్టించడానికి కూలి ఖర్చవుతుంది. నిప్పు పెడితే ఖర్చు లేదు. 1971 నాటి చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో తునికాకు వ్యాపారం ప్రభుత్వ నియంత్రణలోకి వచ్చింది. అడవిని యూనిట్లుగా విభజించి అమ్ముతారు. కాంట్రాక్టరు కొంటాడు, కూలీలు 50 ఆకుల కట్టకు ఇంత అని ధర తీసుకుని కల్లంలో అప్పగిస్తారు. నిప్పు పెట్టరాదని నిబంధన ఉన్నది. పెడుతున్నారన్న ఆరోపణా ఏటా వినిపిస్తున్నది. ఆరోపణ నిజమో కాదో తేల్చడానికి మాత్రం ఎవరూ పూనుకున్నట్లు కనిపించదు.

నిజానికి తేల్చడం అంత కష్టమూ కాదు. ఏటా కొన్ని యూనిట్లు కొనేవారు లేక మిగిలిపోవడం కద్దు. ఆ ఏడు ఆ యూనిట్‌లో పొదలు కొట్టించే కాంట్రాక్టరు ఉండడు. అమ్ముడైన యూనిట్లలో, మిగిలిపోయిన యూనిట్లలో ఫిబ్రవరి, మార్చి నెలల చుక్కలను పక్కపక్కన పెట్టి, ఒకే యూనిట్ అమ్ముడైన ఏడు, అమ్ముడుపోని ఏడు ఎలా ఉన్నదో పదేళ్ల లెక్క చూస్తే తునికాకు వాటా ఎంతో ఉజ్జాయింపుగా బయటపడుతుంది. మంచి ఆకు లేని యూనిట్లే మిగిలిపోతాయి గదా, రెండు రకాల అడవినీ పోల్చడం ఎలా అని ఎవరైనా అడగవచ్చును. అందుకే ఒకే యూనిట్‌ను దానితోనే పోల్చాలనడం. ఫలితం కాంట్రాక్టర్లకు వ్యతిరేకంగా రావచ్చును, వారిని నిర్దోషులుగానూ తేల్చవచ్చును. ఏది తేలినా నేటి చీకటి కంటె మేలే.

శ్రీశైలం యాత్ర మరో ఉదాహరణ. మహాశివరాత్రికి వేలాది భక్తులు ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా నల్లమల అడవిలో నడిచి వెళతారు. దారి పొడుగునా వంటలు, చలిమంటలు సహజం. శివరాత్రి ఏటా ఒకే ఇంగ్లీషు తేదీకి రాదు. 2021లో మార్చి 11న, 2022లో మార్చి 1న, 2023లో ఫిబ్రవరి 18న, 2024లో మార్చి 8న వచ్చింది. దాదాపు మూడు వారాల తేడా. ఎండలు మాత్రం పంచాంగం చూసి రావు. నడకదారికి ఇరువైపులా పడిన చుక్కలు పండుగ వెంట ముందుకూ వెనక్కూ జరుగుతుంటే అది యాత్రికుల నిప్పు. పండుగ ఎప్పుడు వచ్చినా చుక్కలు మార్చి మధ్యలోనే గుమిగూడుతుంటే కారణం మరెక్కడో వెతకాలి. దారికి దూరంగా ఉన్న అలాంటి అడవినే పక్కన పెట్టి చూస్తే అనుమానం మరింత తీరుతుంది. చైత్ర పౌర్ణమికి అమ్రాబాద్ అడవిలో జరిగే సలేశ్వరం జాతరకూ ఇదే పరీక్ష వర్తిస్తుంది.

ఇది ఊహాలోకపు ఆలోచన కాదు. అమెరికాలో 1992 నుంచి 2012 వరకు నమోదైన సుమారు 15 లక్షల మంటలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో మనుషులు అంటించిన మంటలు ఏ రోజున అత్యధికంగా మొదలయ్యాయో చూశారు. ఆ రోజు జూలై 4, వారి స్వాతంత్ర్య దినం. బాణసంచా, ఆరుబయట విందులు కారణమని వేరే చెప్పనక్కర లేదు. అదే అధ్యయనం మరొక ముఖ్య విషయాన్ని బయటపెట్టింది. సంఖ్యలో 84 శాతం మంటలు మనుషులవి కాగా, కాలిన విస్తీర్ణంలో వారి వాటా 44 శాతమే. తక్కినది మెరుపులది. లెక్కపెట్టేది మంటలనా, కాలిన ఎకరాలనా అన్నదానిని బట్టి ముద్దాయి మారిపోతాడన్న మాట. అమెరికా వారికి ఈ విశ్లేషణ సాధ్యపడింది ఉపగ్రహాల గొప్పతనం వల్ల కాదు. ప్రతి మంటకూ ఒక నివేదిక, ప్రతి నివేదికలో కారణానికి ఒక గడి ఉండడం, ఆ నివేదికలన్నిటినీ ఒకచోట చేర్చి ఎవరికైనా అందుబాటులో ఉంచడం వల్లనే. అక్కడ కూడా గణనీయమైన భాగంలో ఆ గడి ఖాళీగానో, ‘తెలియదు’ అనో ఉన్నది. అయినా ఉన్నంతవరకు పనికివచ్చింది.

ఇక్కడ ఆ గడిని నింపవలసినది బీట్ అధికారి. ఒక్కొక్కరి కింద వందల, వేల ఎకరాల అడవి. సెల్‌ఫోన్‌కు చుక్క సందేశం వస్తే, తాత్కాలిక కూలీలైన ఫైర్ వాచర్లను వెంటబెట్టుకుని కొండలెక్కి, పచ్చికొమ్మలతో కొట్టి మంట ఆర్పేసరికి రాత్రవుతుంది. మంట ఎక్కడ మొదలైందో వెనక్కి నడిచి చూసి, బూడిదలో ఆనవాళ్లు వెతికి రాసే తీరిక, శిక్షణ ఆయనకు ఎవరు ఇచ్చారు? పైగా తన బీట్‌లో ఎక్కువ మంటలు చూపితే సంజాయిషీ అడుగుతారన్న భయం. ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అని రాసి ఊరుకోవడం మానవ సహజం. చుక్క విషయంలో అబద్ధం చెప్పడానికి వీల్లేదు గాని, కారణం గడిలో ఏది రాసినా అడిగేవారు లేరు.

ఖాళీ గడి ఖాళీగా ఉండదు. దానిని అనుమానం నింపుతుంది, అనుమానం ఎప్పుడూ బలహీనుడి మీదికే పోతుంది. నల్లమలలో ఆ బలహీనుడు చెంచు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోనూ నేరమే. చట్టం అవసరమే. కాని చెంచు పెంటకు దగ్గరలో చుక్క పడిందంటే చెంచులే అంటించారని అర్థం కాదు. పెంటకు దారి ఉంటుంది. ఆ దారిన పశువుల కాపరి వస్తాడు, యాత్రికుడు వస్తాడు, వెదురు కూలీ వస్తాడు, దొంగా వస్తాడు. పటం మీద చుక్కకూ పెంటకూ మధ్య దూరం కొలిచి ‘సంబంధం ఉన్నది’ అని కంప్యూటర్ చెప్పగలదు. సంబంధం ఉండడం వేరు, కారణం కావడం వేరు అన్న వివేకం కొలిచినవాడికి ఉండాలి. అరకొర విశ్లేషణ అసలు లేనిదానికంటె ప్రమాదకరం. వెనుకటి వదంతికి ఇప్పుడు రంగుల పటం తోడవుతుంది.

పాత రికార్డుల విలువ ఎంతటిదో నీలగిరి దిగువన ఉన్న ముదుమలై చెబుతుంది. అక్కడ 1909-21 మధ్య బ్రిటిష్ అటవీ సిబ్బంది చేతిరాతతో నమోదు చేసిన మంటల లెక్కను, 1989-2002 లెక్కతో పోల్చిన పరిశోధకులు, ఎనిమిది దశాబ్దాలలో మంటల తరచుదనం సుమారు మూడు రెట్లు పెరిగిందని 2004లో ప్రకటించారు. ఒకే చోటు మూడు నాలుగేళ్లకొకసారి కాలుతుంటే కొత్త మొక్క చెట్టయ్యే అవకాశం సన్నగిల్లుతుంది. ఈ సంగతి తెలిసింది ఎవరో గుమాస్తా నూరేళ్ల క్రితం తేదీ, చోటు, ఎకరాలు శ్రద్ధగా రాసిపెట్టినందువల్ల.

కారణం తెలియకపోవడం వల్ల జరిగే నష్టం ప్రాణాలతో కూడా లెక్కకు వస్తుంది. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో ట్రెకింగుకు వెళ్లినవారిని మంటలు చుట్టుముట్టి ఇరవై మందికి పైగా మరణించారు. 2014 మార్చిలో తిరుమల కొండలపై శేషాచలం అడవి కాలినప్పుడు వాయుసేన హెలికాప్టర్లను రప్పించవలసి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న సందర్భాలివి. మంట ఏ దారిన, ఏ వారంలో, ఎవరి రాకపోకలతో పుడుతున్నదో ముందుగా తెలిసి ఉంటే ఆ వారం ఆ దారిని మూసివేయడానికి హెలికాప్టరు అక్కరలేదు, ఒక గార్డు, ఒక గొలుసు చాలు.

డబ్బు సంగతి కొస్తే, ప్రపంచ బ్యాంకు, కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ కలిసి 2018లో వెలువరించిన నివేదిక అడవి మంటల వల్ల దేశానికి ఏటా కనీసం 1,101 కోట్ల రూపాయల నష్టమని అంచనా కట్టింది. 2003-16 మధ్య దేశంలో కనిపించిన మంటలలో 44 శాతం కేవలం 20 జిల్లాలలోనే అన్నది కూడా ఆ నివేదిక చెప్పినదే. మంటల నివారణకు కేంద్రం ఇచ్చే పథకపు నిధులను చాలా రాష్ట్రాలు 60:40 నిష్పత్తిలో పంచుకుంటున్నాయి. ఆ నిధులతో అగ్ని నిరోధక రేఖలు గీస్తారు, ఆకులు ఊడ్చే బ్లోయర్లు కొంటారు, వాచర్లకు కూలి ఇస్తారు. అవన్నీ మంట పుట్టిన తర్వాత వ్యాపించకుండా చేసేవి. మంట పుట్టడం గురించి తెలుసుకోవడానికి వెచ్చించేది స్వల్పం. ఒకే దేశంలో ఇరవై జిల్లాలు సగానికి చేరువైన మంటలకు నెలవైనప్పుడు, ఆ జిల్లాలకైనా మంట మూలాన్ని పరిశీలించే శిక్షణ పొందిన చిన్న బృందం ఒక్కొక్కటి ఎందుకు ఉండకూడదు? నూటికి పది మంటలను యాదృచ్ఛికంగా ఎంపిక చేసి, వాటి మూలాన్ని క్షుణ్ణంగా విచారిస్తే, మొత్తం లక్ష చుక్కల కంటె ఆ పదే ఎక్కువ చెబుతాయి. బీట్ అధికారికి సంజాయిషీ భయం లేకుండా ‘కారణం తెలియదు’ అని నిజాయితీగా రాసే వీలు కల్పించడం కూడా ఈ పనిలో భాగమే.

రెడ్డియార్‌పాళయంలో బీడీ వెలిగించినవాడికి ఈ వివరాలతో పని లేకపోవచ్చును. ఆకు అమ్మి ఆదాయం పొందే ప్రభుత్వానికి మాత్రం పని ఉన్నది. తునికాకు యూనిట్ల సరిహద్దులు, ఏ ఏడు ఏది అమ్ముడైందో తెలిపే జాబితాలు రాష్ట్ర అటవీశాఖ వద్దనే ఉన్నాయి. ఉపగ్రహపు చుక్కలూ తేదీతో, చోటుతో సహా ఆ శాఖకే చేరుతున్నాయి. ఈ రెండు కాగితాలను ఒకే బల్ల మీద పరచడానికి కొత్త చట్టం గాని, విదేశీ సాయం గాని, మరో ఉపగ్రహం గాని అవసరం లేదు. రాబోయే వేసవి వేలాలకు ముందే రెండు తెలుగు రాష్ట్రాల అటవీశాఖలు గత పదేళ్ల లెక్కలను యూనిట్లవారీగా, బీట్లవారీగా ప్రకటించి, విశ్వవిద్యాలయాలకు అందజేయాలి.